విన్నపం నుండి అభ్యంతరం వరకు: ముసాయిదా శాసనాలపై ప్రజాభిప్రాయం – కోనసీమ జిల్లా పేరు మార్పు (2022) ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రభుత్వం ఒక శాసనాన్ని ప్రతిపాదించినప్పుడు దానిని ముందుగా తెలుసుకొని, చదివి, తమ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తెలియజేసే అలవాటు తెలుగువారికి కొత్త కాదు. దాని ఆనవాళ్లు 19వ శతాబ్ది మద్రాసులోనే కనిపిస్తాయి. ఆ చరిత్రలోని కొన్ని ఘట్టాలను పరిశీలించి, వాటి వెలుగులో 2022లో కోనసీమ జిల్లా పేరు మార్పు సందర్భంగా జరిగిన పరిణామాలను విశ్లేషించడం ఈ వ్యాసం ఉద్దేశం. అభ్యంతరం చెప్పే హక్కును చట్టం పౌరునికి ఇచ్చింది కాని, ఆ అభ్యంతరానికి సమాధానం చెప్పే బాధ్యతను ప్రభుత్వంపై స్పష్టంగా ఉంచలేదని, కోనసీమ అనుభవం బయటపెట్టిన లోటు ఇదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ముసాయిదా, అర్జీ, అభ్యంతరం, ప్రజాభిప్రాయం, జిల్లాల ఏర్పాటు చట్టం, కోనసీమ, ముమ్మిడివరం, అంబేద్కర్.

1. ఉపోద్ఘాతం:
2022 మే 18న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోనసీమ జిల్లా పేరును డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా మార్చాలని ప్రతిపాదిస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. దీనిపై అభ్యంతరాలు, సూచనలు ఉంటే ముప్పై రోజుల్లో తెలియజేయవలసిందిగా జిల్లావాసులను కోరింది. ఆ గడువు మొదలై వారం రోజులైనా గడవకముందే, మే 24న, అమలాపురంలో హింస చెలరేగింది. నాటి రాష్ట్ర మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ముమ్మిడివరం శాసనసభ్యుడు పొన్నాడ వెంకట సతీష్ కుమార్ ఇంటికి నిప్పు పెట్టారు. బస్సులు దగ్ధమయ్యాయి. పోలీసులు గాయపడ్డారు.

ఈ ఘటనపై రాజకీయ కోణంలోనూ కుల సంబంధాల కోణంలోనూ చాలా చర్చ జరిగింది. ఆ చర్చ అవసరమైనదే. కాని ఒక ప్రశ్న ఆ చర్చలో అంతగా వినిపించలేదు. అభిప్రాయం చెప్పడానికి చట్టబద్ధమైన మార్గం తెరిచే ఉంది. ఇంకా మూడు వారాలకు పైగా వ్యవధి ఉంది. అయినా ఆ మార్గంపై నమ్మకం ఎందుకు నిలవలేదు? ఈ ప్రశ్నకు జవాబు 2022 మే నెలలో మాత్రమే వెతికితే దొరకదు. పాలకులు ప్రజల మాటను ఏ పేరుతో స్వీకరించారు, స్వీకరించిన మాటను ఏం చేశారు అన్న చరిత్రను కూడా చూడాలి.

పరిధి విషయంలో ఒక వివరణ. జిల్లా పేరు మార్పు శాసనసభలో ప్రవేశపెట్టిన బిల్లు కాదు. శాసనసభ చేసిన చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వం జారీచేసే నోటిఫికేషన్. అయితే సాధారణ బిల్లు విషయంలో ప్రజాభిప్రాయం కోరడం సభ ఇష్టంపై ఆధారపడి ఉంటే, ఇక్కడ అది తప్పనిసరి. ఒక ప్రభుత్వ ప్రతిపాదన ముసాయిదా రూపంలోనే గ్రామస్థుని ముందుకు రావలసిన అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి. అందువల్లనే ఈ పరిశీలనకు దీనిని ఎంచుకోవడం జరిగింది.

2. మాటల్లో దాగిన చరిత్ర:
తెలుగులో 'శాసనం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి: రాతిమీదనో రాగిరేకుమీదనో చెక్కించిన రాజాజ్ఞ ఒకటి, చట్టం మరొకటి. వేంగీ చాళుక్యుల తామ్రశాసనాల్లో రాజు రాష్ట్రకూటులు మొదలైన గ్రామ కుటుంబులను పిలిపించి తన ఆజ్ఞను తెలియజేసే పద్ధతి కనిపిస్తుంది. నన్నయ రచనగా ప్రసిద్ధమైన నందంపూడి శాసనం ఈ కోనసీమ నేలకే సంబంధించినది. ఆ కాలపు శాసనాల్లో ప్రజలకు స్థానం లేకపోలేదు. అయితే వారు వినేవారుగానే ఉన్నారు. దానం నిర్ణయమైన తరువాత దానికి సాక్షులు కావడమే వారి పాత్ర.

ప్రజలు పాలకునితో మాట్లాడే సందర్భానికి తెలుగు వాడుకలో స్థిరపడిన తొలి మాటలు 'మనవి', 'విన్నపం'. విజ్ఞాపనకు వికృతి విన్నపం. తెలియజేయడం అనేది దాని మూలార్థమే అయినా, వాడుకలో అది వేడుకోలుకు దగ్గరయింది. మహమ్మదీయ పాలనలో, తరువాత కంపెనీ కచేరీల్లో అరబీ, పారసీ మాటలు వచ్చి చేరాయి. నివేదనను తెలిపే మాట నుండి 'అర్జీ' వచ్చింది. 'మహజరు' అంటే పదిమంది సమక్షంలో రాసి, పదిమంది చేవ్రాళ్లతో పంపే సమష్టి పత్రం. ఒక్కడు పెట్టుకుంటే అర్జీ, ఊరంతా కలిసి పెడితే మహజరు. 'ముసాయిదా' కూడా ఆ దారిన వచ్చినదే. నలుపు అనే అర్థమున్న అరబీ ధాతువు దానికి మూలం. కొట్టివేతలతో, దిద్దుబాట్లతో సిరా పులుముకున్న చిత్తు ప్రతి అని భావం. దిద్దడానికి వీలున్నంతవరకే అది ముసాయిదా.

'అభ్యంతరం' సంగతి ఇంకా ఆసక్తికరమైనది. సంస్కృతంలో దీని అర్థం లోపలిది, లోపలి భాగం. తెలుగులో అడ్డంకి, ఆక్షేపణ అనే అర్థాలకు మారింది. నేటి గెజెట్ భాషలో అది పౌరుని హక్కుకు పేరు. విన్నపం చేసేవాడు దయను కోరుతాడు. అభ్యంతరం చెప్పేవాడు తన మాటను లెక్కలోకి తీసుకొమ్మని అడుగుతాడు. ఒక పదం నుండి మరొక పదానికి జరిగిన ఈ ప్రయాణమే మన విషయం. అయితే ఈ వరుసలో రావలసిన మరొక మాట ఉంది: 'సమాధానం'. అది ఎక్కడ కనిపించింది, ఎక్కడ జారిపోయింది అన్నది కింది ఘట్టాల్లో చూడవచ్చు.

3. మద్రాసులో తొలి అడుగులు (1844–1855):
1833 చార్టరు చట్టం తరువాత గవర్నర్ జనరల్ కౌన్సిల్ తాను చేయబోయే చట్టాల ముసాయిదాలను ప్రజల సమాచారార్థం గెజెట్లో ముందుగా ప్రచురించే పద్ధతిని పాటించింది. ప్రచురించిన కొంత గడువు తరువాతే ఆ ముసాయిదాను మళ్లీ పరిశీలనకు తీసుకొనేవారు. ఎన్నికలు లేవు, ప్రతినిధులు లేరు. అయినా చదవగలిగినవారికి ముసాయిదా అందుబాటులోకి వచ్చింది.

ఆ అవకాశాన్ని అందిపుచ్చుకొన్న తెలుగువారిలో ముందుగా చెప్పవలసిన పేరు గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806–1868). మద్రాసు వర్తకుడైన ఆయన 1844లో 'క్రెసెంట్' అనే ఆంగ్ల పత్రికను స్థాపించాడు. ప్రభుత్వ చర్యలను కనిపెట్టి ఉండి, వాటిపై స్వదేశీయుల అభిప్రాయాన్ని వినిపించడం ఆ పత్రిక పని. 1845లో ప్రచురితమైన 'లెక్స్ లోసై' చట్టం ముసాయిదాలో, మతం మారినవారు వారసత్వపు హక్కును కోల్పోకుండా కాపాడే నిబంధనలున్నాయి. వాటిపై కలకత్తాలోనూ మద్రాసులోనూ హిందువులు అర్జీలు పంపారు. ఆస్తికీ పితృకార్యాలకూ విడదీయరాని సంబంధం ఉందన్నది వారి ప్రధాన వాదం. ఆ ముసాయిదా అప్పటికి ఆగిపోయింది. అందులోని వారసత్వపు నిబంధన సారం మాత్రం 1850లో 21వ చట్టంగా రూపొందింది.

ఇక్కడ చరిత్రకారుడు ఒక విషయాన్ని దాటవేయకూడదు. ముసాయిదాను చదివి, నిబంధనలవారీగా అభ్యంతరం చెప్పిన ఆ తొలి ప్రయత్నం, కులం నుండి మతం నుండి బయటికి వెళ్లినవారికి రక్షణనిచ్చే నిబంధనకు వ్యతిరేకంగా జరిగింది. పద్ధతి ఆధునికమైనది, వాదం సంప్రదాయ రక్షణకు సంబంధించినది. పౌరులు పాల్గొన్నంత మాత్రాన వారి కోరిక న్యాయమైనది కానక్కరలేదు. అదే సమయంలో, కోరిక న్యాయమైనది కాదని పాల్గొనే హక్కును కాదనలేము. కోనసీమ ఘటనను పరిశీలించేటప్పుడు ఈ రెండు వాక్యాలనూ కలిపి గుర్తుంచుకోవాలి.

1852లో లక్ష్మీనరసు శెట్టి ప్రభృతులు మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించి, బ్రిటిష్ పార్లమెంటుకు విజ్ఞాపన పంపారు. కంపెనీ చార్టరు పునరుద్ధరణ చర్చకు వస్తున్న సమయమది. పన్నుల భారం, న్యాయస్థానాల జాప్యం, విద్య పట్ల నిర్లక్ష్యం అందులోని ప్రధానాంశాలు. శిస్తు వసూలులో రైతులను హింసించే విషయం కూడా పార్లమెంటు దృష్టికి వెళ్లింది. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ 1853లో మద్రాసు ప్రాంతానికి వచ్చినప్పుడు లక్ష్మీనరసు శెట్టి ఆయన వెంట తిరిగి పరిస్థితులను చూపించాడు. 1854లో విచారణ సంఘం ఏర్పడి, 1855లో నివేదిక ఇచ్చింది. శిస్తు వసూలులో చిత్రహింసలు జరిగేవన్న సంగతిని ఆ నివేదిక ధ్రువీకరించింది. అంటే ఒక విజ్ఞాపనకు విచారణ రూపంలో, అచ్చయిన నివేదిక రూపంలో సమాధానం వచ్చింది. వలస ప్రభుత్వం ప్రజలపట్ల ఉదారంగా ఉందని దీని అర్థం కాదు. సమాధానం చెప్పవలసిన ఒత్తిడి దానిపై పార్లమెంటు నుండి వచ్చింది. పైనుండి అడిగేవారుంటేనే కింది నుండి వచ్చిన అర్జీకి జవాబు దొరికే ఈ తీరు తరువాత కూడా చాలాకాలం కొనసాగింది.

4. సమాధానం చెప్పిన ముసాయిదాలు (1944–1948):
చేయబోయే చట్టాన్ని ప్రజల మధ్యకు తీసుకువెళ్లి, వచ్చిన అభిప్రాయాలను పేరుపేరునా నమోదు చేసిన గొప్ప ఉదాహరణ హిందూ ధర్మశాస్త్ర సంఘం. బి.ఎన్. రావు అధ్యక్షతన పనిచేసిన ఈ సంఘం 1944లో హిందూ కోడ్ ముసాయిదాను ప్రచురించింది. 1945లో మద్రాసుతో సహా ప్రధాన నగరాలకు వెళ్లి సాక్ష్యాలను స్వీకరించింది. అనుకూలురూ ప్రతికూలురూ, పండితులూ న్యాయవాదులూ మహిళా సంఘాలూ తమ వాదాలను వినిపించారు. 1947లో సమర్పించిన నివేదికలో ఆయా అభ్యంతరాలను చర్చించడమే కాక, రాతపూర్వక, మౌఖిక సాక్ష్యాలను కూడా అచ్చువేయించారు. అభ్యంతరం చెప్పిన వ్యక్తి తన మాట ఎక్కడికి చేరిందో, దానిని ఎందుకు అంగీకరించారో లేదా ఎందుకు తోసిపుచ్చారో పుస్తకం తెరిచి చూసుకొనే వీలు ఏర్పడింది.

భారత రాజ్యాంగం విషయంలోనూ ఇదే పద్ధతి. డా. అంబేద్కర్ అధ్యక్షుడుగా ఉన్న ముసాయిదా సంఘం 1948 ఫిబ్రవరి 21న ముసాయిదా రాజ్యాంగాన్ని రాజ్యాంగసభ అధ్యక్షునికి సమర్పించింది. దానిని ప్రచురించి దేశం ముందుంచారు. ప్రభుత్వాలు, సంస్థలు, వ్యక్తులు పంపిన వ్యాఖ్యలను ముసాయిదా సంఘం అదే ఏడాది మార్చిలోనూ అక్టోబరులోనూ పరిశీలించింది. తనకు అంగీకారమైన సవరణలను సూచిస్తూ ముసాయిదాను మళ్లీ అచ్చువేయించింది. నవంబరు 4న దానిని సభలో ప్రవేశపెడుతూ అంబేద్కర్, అది ఎనిమిది నెలలుగా ప్రజల ముందు ఉన్నదని గుర్తుచేశాడు. ఆపైన, వచ్చిన ప్రధాన విమర్శలను ఒక్కొక్కటిగా ప్రస్తావించి జవాబు చెప్పాడు. కేంద్రం బలంగా ఉందన్న విమర్శకూ, గ్రామాలను విస్మరించిందన్న విమర్శకూ, 1935 చట్టం నుండి తీసుకున్నారన్న విమర్శకూ ఆ ప్రసంగంలో జవాబులున్నాయి. ఆ జవాబులతో అందరూ ఏకీభవించలేదు. కాని జవాబు రాలేదని ఎవరూ అనలేకపోయారు.

ఏ మహనీయుని పేరు జిల్లాకు పెట్టడంపై 2022లో వివాదం రేగిందో, ఆయన తన ముసాయిదాను విమర్శకుల ముందు ఉంచిన తీరు ఇది. ఈ పోలికను గమనించడం అవసరం.

5. 1974 చట్టం – ముప్పై రోజుల గడువు:
నియమాలను ముందస్తుగా ప్రచురించి, అభ్యంతరాలను పరిశీలించాలన్న సూత్రం 1897 నాటి జనరల్ క్లాజుల చట్టంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ జిల్లాల ఏర్పాటు చట్టం (1974) ఆ సూత్రాన్ని జిల్లాల పునర్వ్యవస్థీకరణకు వర్తింపజేసింది. జిల్లాను ఏర్పరచాలన్నా, సరిహద్దులు మార్చాలన్నా, పేరు మార్చాలన్నా ప్రభుత్వం ముందుగా తన ప్రతిపాదనలను ప్రచురించాలి. ప్రభావితమయ్యే ప్రాంతవాసుల నుండి అభ్యంతరాలు, సూచనలు కోరాలి. వచ్చినవాటిని పరిగణనలోకి తీసుకోవాలి. ఆ తరువాతే తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. ఈ నిబంధన మూడవ సెక్షన్ అయిదవ ఉపసెక్షన్‌లో ఉంది. ఆచరణలో దీనికి ముప్పై రోజుల గడువు స్థిరపడింది.

ఈ నిబంధన పాఠాన్ని నిశితంగా చదివితే రెండు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, చట్టం 'అభ్యంతరాలు', 'సూచనలు' అన్న రెండు మాటలనే వాడింది. 'సమ్మతి' అనే మాట లేదు. ప్రతిపాదనను మనసారా ఆహ్వానించే పౌరునికి ఈ ప్రక్రియలో ప్రత్యేకమైన చోటు లేదు. పౌరుడు మాట్లాడితే అది ఆక్షేపణే కావాలన్నట్లు ప్రక్రియ రూపొందింది. రెండవది, 'పరిగణనలోకి తీసుకోవడం' అంటే ఏమిటో చట్టం వివరించలేదు. వచ్చిన అభ్యంతరాల సంఖ్యను ప్రకటించాలని గాని, వాటి సారాంశాన్ని ప్రచురించాలని గాని, అంగీకరించిన, తిరస్కరించిన కారణాలను తెలియజేయాలని గాని ఆ సెక్షన్ చెప్పదు. అభ్యంతరాలను పరిశీలించిన మీదట అన్న ఒక్క వాక్యంతో తుది నోటిఫికేషన్ ఆ విధిని నెరవేర్చినట్లే అవుతుంది.

6. వీధి నేర్పిన పాఠం (2016–2022):
ఈ చట్టం రెండు రాష్ట్రాల్లోనూ విస్తృతంగా ప్రయోగానికి వచ్చింది గత దశాబ్దంలోనే. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ ఈ చట్టాన్నే అన్వయించుకొని, 2016 ఆగస్టు 22న కొత్త జిల్లాల ముసాయిదాను ప్రకటించింది. ఉన్న పది జిల్లాలకు తోడుగా 17 కొత్త జిల్లాలను అందులో ప్రతిపాదించారు. అభ్యంతరాలను అంతర్జాలం ద్వారా కూడా స్వీకరించారు. అక్టోబరు 11న, విజయదశమి నాడు, కొత్త జిల్లాలు ఉనికిలోకి వచ్చేసరికి వాటి సంఖ్య 21 అయింది. జనగామ, గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్ జిల్లాలు చేరాయి. ముసాయిదా అన్నది నిజంగానే దిద్దడానికి వీలున్న ప్రతి అని దీనివల్ల రుజువైంది. అయితే జనగామ, గద్వాల వంటి చోట్ల నెలల తరబడి బంద్‌లు, దీక్షలు జరిగాయి. దిద్దుబాటుకు కారణం రాతపూర్వకమైన అభ్యంతరమా, వీధిలోని ఆందోళనా అన్న ప్రశ్నకు అధికారిక పత్రంలో జవాబు లేనప్పుడు, ప్రజలు తమకు కంటికి కనిపించినదాన్నే కారణంగా భావిస్తారు. తపాలా కవరులో వెళ్లిన అభ్యంతరం ఎవరికీ కనిపించదు. కూడలిలోని శిబిరం అందరికీ కనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి చివరివారంలో 13 జిల్లాలను 26గా మార్చే ముసాయిదా వచ్చింది. ముప్పై రోజుల గడువు తరువాత ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. ముసాయిదాలో శ్రీ బాలాజీ జిల్లాగా ఉన్న పేరు తుది ప్రకటనలో తిరుపతి జిల్లా అయింది. పేరు కూడా ప్రజాభిప్రాయ పరిధిలోనిదేనని అందరికీ అర్థమైంది. తూర్పు గోదావరి జిల్లా మూడుగా విడిపోయింది. అమలాపురం కేంద్రంగా, అమలాపురం లోక్‌సభ స్థానం పరిధితో కోనసీమ జిల్లా ఏర్పడింది. ముమ్మిడివరం అందులోని ఏడు శాసనసభా నియోజకవర్గాల్లో ఒకటి.

7. కోనసీమ: 2022 మే నుండి ఆగస్టు వరకు:
కొత్త జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టాలన్న కోరిక మేలో పుట్టినది కాదు. దళిత సంఘాలు, వివిధ రాజకీయ పక్షాలకు చెందినవారు అంతకుముందు నుండే దానిని వినిపిస్తూ వచ్చారు. అమలాపురం షెడ్యూల్డు కులాలకు రిజర్వయిన లోక్‌సభ స్థానం. కోనసీమ దళిత చైతన్యానికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న వంటి కవులు ఇక్కడి జీవితాన్నే సాహిత్యం చేశారు. ఆ దృష్టితో చూస్తే, అంబేద్కర్ పేరు కోరడం కూడా చట్టం చెప్పిన 'సూచన' పరిధిలోనిదే. అనేకమంది చేసిన సూచనను ప్రభుత్వం స్వీకరించిందని చెప్పవచ్చు.

కాని ఆ సూచన ఎలా వచ్చింది, ఎవరెవరు చేశారు, జనవరి నాటి ముసాయిదాలో లేని పేరు మేలో ఎందుకు వచ్చింది అన్న వివరణ ఒక పత్రంగా ప్రజల ముందుకు రాలేదు. ప్రాథమిక నోటిఫికేషన్‌లో ప్రతిపాదన ఉంది. దాని వెనుక ఉన్న కారణాలు నాయకుల ప్రకటనల్లో మాత్రమే వినిపించాయి. వివరణ లేని చోట వదంతికి బలం పెరుగుతుంది. కోనసీమ అనే పేరు పూర్తిగా పోతుందని భావించినవారు కూడా ఉన్నారు. నిజానికి ప్రతిపాదిత నామంలో 'కోనసీమ' అలాగే ఉంది.

మే 24న పేరు మార్పును వ్యతిరేకించేవారి ప్రదర్శన కలెక్టరేటు వైపు సాగింది. జిల్లాల చట్టం ప్రకారం అభ్యంతరాలు చేరవలసిన చోటు కూడా కలెక్టరు కార్యాలయమే. ఒకే గమ్యానికి రెండు దారులున్నాయి: ఒకటి కాగితం, రెండవది గుంపు. ఆనాడు రెండవ దారి ఎక్కడికి చేరిందో మనకు తెలుసు. ప్రజాప్రతినిధుల ఇళ్లు కాలడం అభిప్రాయ ప్రకటన కాదు. అది ఎదుటివారి అభిప్రాయాన్ని భయంతో నోరు మూయించే ప్రయత్నం. అంబేద్కర్ పేరును ఆహ్వానించిన పేటలవారు ఆ రాత్రి ఎలా గడిపి ఉంటారో ఊహించడం కష్టం కాదు. గడువు మిగిలి ఉన్నా, ఆ తరువాత స్వేచ్ఛగా మాట్లాడే వాతావరణం మిగలలేదు.

ప్రభుత్వం 144వ సెక్షన్ విధించింది. అంతర్జాల సేవలను వారం రోజులకు పైగా నిలిపివేసింది. శాంతిభద్రతల కోణంలో ఈ చర్యలకు కారణాలు ఉండవచ్చు. ప్రజాభిప్రాయ సేకరణ కోణంలో చూసినప్పుడు మాత్రం, అభ్యంతరాలు చెప్పవలసిన ముప్పై రోజుల్లో గణనీయమైన భాగం గుమికూడే వీలు లేకుండా, సమాచారం అందుకొనే వీలు లేకుండా గడిచింది. గడువును పొడిగించవలసిన సందర్భం ఏదైనా ఉంటే అది ఇదే.

జూన్ 24న మంత్రివర్గం పేరు మార్పును ఆమోదించింది. ఆగస్టులో తుది నోటిఫికేషన్ వెలువడింది. నిర్ణయం సరైనదే కావచ్చు. సరైనదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం కూడా. అందువల్లనే ఒక విచారం మిగులుతుంది. భారతదేశ చరిత్రలో విమర్శలకు అంత ఓపికగా జవాబు చెప్పిన ముసాయిదా రచయిత పేరును ఒక జిల్లాకు పెట్టేటప్పుడు, వచ్చిన అభ్యంతరాలు ఏమిటో, వాటిలో అపోహలు ఎన్నో, కులద్వేషం ఎంతో, నిజమైన ప్రాంతీయాభిమానం ఎంతో విడదీసి, ఒక్కొక్కదానికీ సమాధానం చెప్పే పత్రం వెలువడి ఉంటే ఆ పేరుకు తగిన గౌరవం దక్కేది. ఆ నిర్ణయం వ్యతిరేకుల ముందు అధికార బలంతో మాత్రమే కాక, వాద బలంతో నిలిచేది.

8. సమాధానం చెప్పే పద్ధతులు మనకు లేవా?
ఉన్నాయి. అవి చెదురుమదురుగా ఉన్నాయి. పార్లమెంటులో 1993 నుండి శాఖలవారీ స్థాయీ సంఘాలు పనిచేస్తున్నాయి. బిల్లు తమ వద్దకు వచ్చినప్పుడు అవి పత్రికా ప్రకటనల ద్వారా ప్రజల నుండి విజ్ఞాపనలు కోరుతాయి. నివేదికల్లో ఆ అభిప్రాయాల చర్చ కనిపిస్తుంది. ఈ సందర్భంలో జి.ఎం.సి. బాలయోగిని స్మరించుకోవడం సముచితం. ముమ్మిడివరం ప్రాంతంలోని ఎదుర్లంకలో పుట్టి, 1996 ఉపఎన్నికలో ముమ్మిడివరం నుండి శాసనసభకు ఎన్నికై, 1998లో లోక్‌సభ స్పీకర్ అయిన దళిత నాయకుడాయన. దేశ శాసన వ్యవస్థలో అత్యున్నత స్థానానికి ఈ మట్టి మనిషి చేరుకోగలిగాడు. కాని దేశంలో తయారవుతున్న ముసాయిదా తిరిగి ఈ ఊళ్లకు చేరే దారి మాత్రం ఇప్పటికీ సన్నగానే ఉంది.

2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షన్, ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య విధానాలను రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నింటినీ ప్రచురించాలని, పరిపాలనా నిర్ణయాలకు కారణాలను ప్రభావితులకు తెలియజేయాలని చెబుతున్నది. ఇది రాష్ట్ర ప్రభుత్వాలకు కూడా వర్తిస్తుంది. కేంద్రప్రభుత్వం 2014లో రూపొందించిన శాసన పూర్వ సంప్రదింపుల విధానం ముసాయిదా బిల్లులను కనీసం ముప్పై రోజులు ప్రజల ముందుంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని కూడా ప్రచురించాలని నిర్దేశించింది. అయితే అది చట్టం కాదు, కేంద్ర మంత్రిత్వ శాఖలకు ఇచ్చిన మార్గదర్శకం మాత్రమే.

ఈ పద్ధతులను పట్టించుకోకపోతే నష్టం పౌరునికి మాత్రమే కాదు. ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైటిలింగ్ చట్టం ఉదాహరణ ఇటీవలిదే. భూమి హక్కులకు సంబంధించిన అంత ముఖ్యమైన చట్టం బిల్లు దశలో గ్రామాల్లో చర్చకు రాలేదు. 2023లో అమల్లోకి వచ్చిన తరువాత న్యాయవాదులు కోర్టు విధులు బహిష్కరించి నిరసన తెలిపారు. 2024 ఎన్నికల్లో అది ప్రధాన వివాదాంశమైంది. అదే ఏడాది జులైలో కొత్త శాసనసభ దానిని రద్దు చేసింది. ముసాయిదాగా ఉన్నప్పుడు వినవలసిన మాటను చట్టమైన తరువాత వినవలసి వచ్చింది. ఆ చట్టంలోని మంచిచెడ్డలను తీరికగా విడదీసి చూసే అవకాశం ఎన్నికల వేడిలో ఎవరికీ దక్కలేదు.

9. ఉపసంహారం:
పై పరిశీలన నుండి తేలే విషయాలు ఇవి. ప్రతిపాదిత శాసనాలను కనిపెట్టి ఉండి అభిప్రాయం చెప్పే అలవాటు తెలుగువారిలో 1840ల నుండే ఉంది. విన్నపం క్రమంగా అభ్యంతరంగా, దయ క్రమంగా హక్కుగా మారింది. కాని సమాధానం మాత్రం చట్టం పాఠంలోకి రాలేదు. అది 1855 నివేదికలోనూ, హిందూ ధర్మశాస్త్ర సంఘం సాక్ష్యాల్లోనూ, 1948 నవంబరు 4 నాటి ప్రసంగంలోనూ కనిపించి, జిల్లాల చట్టం దగ్గరికి వచ్చేసరికి 'పరిగణనలోకి తీసుకొని' అన్న ఒక్క మాటలో కలిసిపోయింది. సమాధానం రాని చోట అభ్యంతరం తిరిగి వీధిని ఆశ్రయిస్తుంది. ఇది కోనసీమ హింసకు సమర్థన కాదు. ఆ హింసకు బాధ్యులు దానికి పాల్పడినవారే. వారికి అండగా నిలిచిన కులదురహంకారానికి ఏ ప్రక్రియా లోపమూ సాకు కాజాలదు. అయితే శాంతియుతంగా కాగితం రాసి పంపిన పౌరుడు కూడా ఆనాటి జిల్లాలో ఉన్నాడు. అంబేద్కర్ పేరు వినగానే సంతోషించి, ఆ సంతోషాన్ని చెప్పుకోవడానికి దరఖాస్తులో గడి లేని పౌరుడూ ఉన్నాడు. వారిద్దరికీ వ్యవస్థ బాకీపడింది.

ఈ బాకీ తీర్చడానికి పెద్ద సంస్కరణలు అక్కరలేదు. జిల్లాల చట్టంలోని ఆ ఉపసెక్షన్‌కు మూడు మాటలు చేర్చితే చాలు: సమ్మతిని కూడా స్వీకరించాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని తెలుగులో ప్రచురించాలి, అంగీకరించడానికి, తిరస్కరించడానికి కారణాలు చెప్పాలి. జిల్లా గెజెట్లు, అర్జీలు, మహజర్లు, అభ్యంతర పత్రాలు తెలుగు వచన చరిత్రకు కూడా విలువైన ఆధారాలు. ఒక ఊరి సామాన్యుడు ప్రభుత్వాన్ని ఉద్దేశించి రాసిన వాక్యం ఎలా మొదలైంది, తనను తాను ఏమని చెప్పుకొంది, ఎక్కడ వేడుకొంది, ఎక్కడ నిలదీసింది అన్న పరిశోధన ఇంకా జరగవలసి ఉంది. 2022లో కోనసీమవాసులు రాసిన పత్రాలు భద్రంగా ఉంటే, వాటిని సమాచార హక్కు ద్వారా సేకరించి అధ్యయనం చేయడం ఈ ప్రాంత పరిశోధకులు చేపట్టదగిన పని.

అభ్యంతరానికి మూలార్థం లోపలిది అని ముందే చూశాం. అభ్యంతరం చెప్పినవాడు బయటివాడు కాదు, లోపలివాడే. అతని మాట చెల్లకపోవచ్చు. ఎందుకు చెల్లదో అతనికి చెప్పడం మాత్రం రాజ్యం విధి. ఆ విధిని 1948లోనే నెరవేర్చి చూపినవాని పేరును ఈనాడు ఈ జిల్లా మోస్తున్నది.